ఇంటికి ఎల్.ఇ.డి. ట్యూబులైటు: కొనదగునా, కొనదగదా?

ఈ నడుమ మా పట్టణమున ఏ యింటి యరుగుమీద కూర్చుండినను ఒక ప్రశ్న వినబడుచున్నది. ఇరువది ముప్పది యేండ్లనుండి గోడకు అంటియుండి, స్విచ్చి వేసినంతనే వెలుగక, రెండు మూడు మాఱులు కన్ను చికిలించి, అటుపిమ్మట తీఱికగా మేలుకొను పాత ట్యూబులైటును తీసివైచి, దానిస్థానమున ఎల్.ఇ.డి. ట్యూబును పెట్టుట గృహస్థునకు లాభమా, లేక అంగడివానికి మాత్రమే లాభమా? ఇంత చిన్న ప్రశ్నకు సంపాదకీయ మేల యని నవ్వువారును ఉందురు. కాని చీకటిపడిన పిమ్మట పిల్లలు చదువుకొనుట, ఇల్లాలు వంట ముగించుట, ముసలివారు పెరటిమెట్లు దిగుట, ఇవి యన్నియు దీపమును నమ్ముకొనియే యున్నవి. నెలకొకమాఱు వచ్చు కరెంటు బిల్లు సామాన్య గృహస్థుని నిద్ర చెఱచుచున్నది. ఇందఱికి సంబంధించిన విషయము పత్రికకు తగని విషయము కాదని మేము తలంచుచున్నాము.

మేము వృత్తిచే న్యాయవాదులము. ఉభయపక్షముల వాదము వినక తీర్పు చెప్పుట మాకు అలవాటు లేదు. అంగడివాడు, "ఇది పెట్టించండి ప్లీడరుగారూ, మీటరే తిరగదు, సగం కరెంటు, రెట్టింపు వెలుగు" అనును. పొరుగింటి విశ్రాంత ఉపాధ్యాయుడు, "ఆరు నెలలకే మాడిపోయిందండీ, పాతదే నయం" అనును. ఇరువురి మాటలలోను కొంత నిజమును, కొంత యతిశయోక్తియు కలవు. వేనిని స్వీకరింపవలయునో, వేనిని త్రోసిపుచ్చవలయునో చూతము.

మొదట కరెంటు సంగతి. పాత లావుపాటి ట్యూబుమీద 40 వాట్లు అనియు, దాని తరువాత వచ్చిన సన్నపుదానిమీద 36 వాట్లు అనియు వ్రాసియుండును. గృహస్థుడు ఆ యంకెనే నమ్మి లెక్కవేసికొనును. కాని ఆ యంకె గాజుగొట్టమునకు మాత్రమే చెందినది. పట్టీలో దాగియున్న చోక్ అను తీగచుట్ట తన పాలు తాను తినుచునే యుండును. గంటసేపు వెలిగిన పిమ్మట పట్టీమీద చేయి పెట్టిచూచినచో ఆ వేడియే సాక్ష్యము చెప్పును. ఆ పాలు 12 మొదలు 15 వాట్ల వఱకు ఉండును. కావున 40 వాట్ల ట్యూబు మీటరునొద్ద 52 మొదలు 55 వాట్లుగా లెక్కకు వచ్చుచున్నది. అంతే పొడవుగల, అనగా 4 అడుగుల, ఎల్.ఇ.డి. ట్యూబు తన లోపలి పరికరముతో సహా 18 లేక 20 వాట్లతో సరిపెట్టుకొనును. తేడా సుమారు 33 వాట్లు. దినమునకు 6 గంటలు వెలుగు దీపమైనచో నెలకు 6 యూనిట్లు, ఏడాదికి 72 యూనిట్లు మిగులును. ఈ భాగమున అంగడివాని వాదము నిలుచుచున్నది. సగమని చెప్పుటలో అతడు తగ్గించియే చెప్పినాడు.

ఆ 6 యూనిట్ల విలువ యెంత? ఇచ్చటనే పలువురు పొరబడుచున్నారు. బిల్లుమొత్తమును యూనిట్లచేత భాగించి, వచ్చిన సగటుతో లెక్కవేయుదురు. అది సరికాదు. మన కరెంటు ధరలు మెట్లవలె కట్టబడినవి. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిలు మొదలు అమలునకు వచ్చిన గృహవినియోగపు పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిటొక్కంటికి 1 రూపాయి 90 పైసలు. 75 వఱకు 3 రూపాయలు. 125 వఱకు 4 రూపాయల 50 పైసలు. 225 వఱకు 6 రూపాయలు. 400 వఱకు 8 రూపాయల 75 పైసలు. అటుపైన 9 రూపాయల 75 పైసలు. మనము ఆదాచేయు యూనిటు అడుగుమెట్టునుండి పోదు; మనము నిలిచియున్న పైమెట్టునుండియే పోవును. నెలకు 70 యూనిట్లు కాల్చు చిన్నయింటివానికి ఆ 6 యూనిట్లు 18 రూపాయలు. 200 యూనిట్లు కాల్చువానికి 36 రూపాయలు. 300 కాల్చువానికి 52 రూపాయలు. ట్యూబు వెల 250 రూపాయలనుకొందము. మొదటివానికి పెట్టుబడి తిరిగివచ్చుటకు 14 నెలలు, రెండవవానికి 7 నెలలు, మూడవవానికి 5 నెలలు పట్టును. తన వడ్డీవ్యాపారమున ఇంత త్వరితముగా అసలు రాబట్టినవానిని మేము మా న్యాయస్థానములలో ఇంతవఱకు చూచి యెఱుగము!

తెలంగాణమున లెక్క ఇంకొక విధముగా నున్నది. అచ్చట 2024వ సంవత్సరమున మొదలైన గృహజ్యోతి పథకముక్రింద అర్హులైన కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వఱకు బిల్లు లేదు. ఆ హద్దు దాటిన నెలలో బిల్లు చెల్లింపవలసినదే. హద్దునకు చేరువగా, 205 యూనిట్లో 208 యూనిట్లో కాల్చు కుటుంబమునకు రెండు ట్యూబుల మార్పుచే మిగులు 12 యూనిట్లు కేవలము 12 యూనిట్లు కావు. అవి నెలబిల్లు మొత్తమునకు సమానములు. ఉచితముగా వచ్చునప్పుడు పొదుపెందులకని ప్రశ్నించువారు ఈ సంగతిని గమనింతురు గాక.

ఇంతమాత్రమున ఇంటనున్న ప్రతి దీపమును పెఱికివేయుడని మేము చెప్పుటలేదు. సామానుల గదిలో దినమునకు గంటసేపైనను వెలుగని ట్యూబును మార్చుటవలన నెలకొక యూనిటు మాత్రమే మిగులును. చిన్నయింటివానికి అది 3 రూపాయలు. పెట్టిన 250 రూపాయలు తిరిగివచ్చుటకు 7 ఏండ్లు. ఆ ట్యూబు తన యాయువు తాను తీఱినదనిపించుకొని పోవువఱకు అట్లే యుంచుట మేలు. అట్లే, పదిపదునైదేండ్ల క్రిందట పలువు రిండ్లలో అమర్చిన సన్ననిగొట్టములు, 28 వాట్లవి, ఎలక్ట్రానిక్ చోక్‌తో పనిచేయునవి కలవు. అవి యన్నియు కలిపి 31, 32 వాట్లకు మించి కాల్చవు. వానిని మార్చుటవలన నెలకు రెండు యూనిట్లకంటె ఎక్కువ మిగులదు. చక్కగా వెలుగుచున్న వస్తువును క్రొత్తదానిమీది మోజుచే పాఱవేయుట పొదుపు కాదు. ముందు మార్చవలసినవి రాత్రి పదిగంటల వఱకు వెలుగు హాలులోని ట్యూబు, వంటగదిలోని ట్యూబు, పిల్లలు చదువుకొనుచోటి ట్యూబు. వీధివాకిట తెల్లవార్లు వెలుగునది యున్నచో దానికి వీనియన్నిటికంటె ముందుగా వంతు వచ్చును.

కొందఱు, "దీపములలో నేముందండీ, అసలు ఖర్చు పంకాలది" అందురు. వారి మాట అసత్యము కాదు. సామాన్యపు పంకా 75 వాట్లు తినును, బి.ఎల్.డి.సి. పంకా 30 వాట్లతో తిరుగును. దినమునకు 15 గంటలు తిరిగినచో నెలకు 20 యూనిట్లు మిగులును. కాని దాని వెల రెండున్నర మూడువేల రూపాయలు. చేతిలో మూడువేలు లేని గృహస్థుడు 250 రూపాయలతో మొదలుపెట్టి, అందు మిగిలినదానిని కూడబెట్టి పంకాకు పోవుట మంచిమార్గము.

ఇక వెలుగు. "రెట్టింపు వెలుగు" అను మాటను మేము త్రోసిపుచ్చుచున్నాము. వెలుగును కొలుచు కొలతకు ల్యూమెను అని పేరు. సామాన్యపు పాత ట్యూబు క్రొత్తగా నున్నప్పుడు సుమారు 2450 ల్యూమెనుల వెలుగు నిచ్చును. 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబు మామూలుగా 2000 ల్యూమెనుల నిచ్చును. లెక్కకు క్రొత్తదే తక్కువ. అయినను గదిలో కూర్చుండి చదువువానికి తక్కువయనిపింపదు. పాతది గుండ్రని గొట్టము. నలుదెసలకు వెలుగును వెదజల్లును. అందు సగము వెనుకనున్న గోడకును, పైకప్పునకును పోయి, సున్నము వెల్లగానున్నచో కొంత తిరిగివచ్చును, మాసియున్నచో అచ్చటనే యిగిరిపోవును. ఎల్.ఇ.డి. ట్యూబునందలి దీపకణములు ఒకే పలకమీద వరుసగా కూర్చబడి, వెలుగునంతయు ముందునకే విసరును. కావున చదువుబల్లమీద వెలుగు సమానముగానో, కొంచె మధికముగానో ఉండును. పైకప్పు మాత్రము ఇంచుక చీకటిగా తోచును. ఈ సంగతి తెలియక పాతదానిచోటనే, అలమారకు ప్రక్కగా, తల యెత్తున బిగించి, "గది చీకటిగానున్న"దని వగచువారు కలరు. గోడమీద నెంత యెత్తున పెట్టిన నంత మంచిది.

ఇంత తక్కువ కరెంటుతో అంత వెలుగెట్లు వచ్చునని పఠనమందిరములలో మిత్రులు మమ్ము ప్రశ్నించుచుందురు. పాత ట్యూబులో పాదరసపు ఆవిరిగుండ విద్యుత్తు పోవును. కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు పుట్టును. గాజులోపల పూసిన తెల్లనిపొడి ఆ కిరణములను మ్రింగి కంటికి కనబడు వెలుగును క్రక్కును. ఈ మార్పులో చాల శక్తి వేడియై పోవును. ఎల్.ఇ.డి.లో ఆవిరి లేదు, తీగ లేదు. చిన్న స్ఫటికఖండమునుండియే వెలుగు పుట్టును. ఎఱ్ఱని వెలుగునిచ్చు దీపమును అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లో చేసి చూపెను. ఎఱుపుతో ఇల్లు వెలుగదు కదా! నీలివెలుగు చిక్కినగాని తెలుపు రాదు. ఆ నీలిదీపమునకై ముప్పదియేండ్లు పట్టినవి. జపానుదేశీయులైన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు గాలియం నైట్రైడు అను మొండిపదార్థముతో పెనుగులాడి, తుద కా దీపమును సాధించిరి. అందు నకమురా పెద్ద విశ్వవిద్యాలయమున గాక ఒక చిన్న కంపెనీ ప్రయోగశాలలో పనిచేయుచు 1993లో ప్రకాశవంతమైన నీలిదీపమును వెలువరించెను. 2014లో ఆ మువ్వురకు భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. నీలివెలుగుమీద పసుపువన్నె నిచ్చు పొడిని పూయగా మన కంటికి తెలుపుగా తోచును. నేడు మన గోడమీద వెలుగునది ఆ తెలుపే.

వెల సంగతియు చెప్పవలయును, ఏలయన ఇందు మన ప్రాంతమునకు సంబంధించిన చరిత్ర కొంత కలదు. పుదుచ్చేరి తరువాత, 2014 అక్టోబరులో, ఆంధ్రప్రదేశమున గుంటూరు, అనంతపురము, శ్రీకాకుళము, పశ్చిమగోదావరి జిల్లాలలో ఇంటికి రెండు ఎల్.ఇ.డి. బల్బులను ఒక్కొక్కటి 10 రూపాయలకు, పాత 60 వాట్ల బల్బును పుచ్చుకొని, ఇచ్చుట ప్రారంభించిరి. ఆ నెలలోనే హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును చీకటిలో ముంచివైచినది. దాని తరువాత ఆ నగరవీథులలో తొంబదివేలకు పైగా దీపములు ఎల్.ఇ.డి. దీపములైనవి. 2015 జనవరి 5వ తేదీన ఉజాలా పథకము దేశమంతటికి వచ్చినది. కేంద్రప్రభుత్వపు రంగములోని సంస్థ కోట్లకొలది బల్బుల నొక్కమాఱుగా కొనగా, 2014లో 310 రూపాయలకు దొరకిన బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. ఆ పథకముక్రిందనే 20 వాట్ల ట్యూబును 220 రూపాయలకు అమ్మిరి. పది సంవత్సరములలో 36 కోట్లకు పైగా బల్బులు పంచబడినవి. ట్యూబులు 72 లక్షలు మాత్రమే. బల్బు బుడ్డిని త్రిప్పిపెట్టుట యెవరికైనను చేతనగును. ట్యూబునకు పనివాడు కావలయును. ఈ వ్యత్యాసమునకు అదియే ముఖ్యకారణమని మా యూహ.

ఇప్పుడు ప్రతివాది సాక్ష్యమునకు వత్తము. "ఆఱునెలలకే మాడినది." ఇది కల్పన కాదు. మా యనుభవమున నున్నది. రెండేండ్ల క్రిందట దీపావళి ముందర, తోపుడుబండిమీద గుట్టగా పోసి అమ్ముచున్న ట్యూబులను జూచి, వంద రూపాయలకే వచ్చుచున్నదికదాయని మా గుమాస్తా రెండు తెచ్చెను. మా కచ్చేరిగదిలో బిగించితిమి. సంక్రాంతికి ముందే ఒకటి వడకుటకు మొదలుపెట్టినది. రెండవది శివరాత్రికి పోయినది. పెట్టెమీద 50,000 గంటలని పెద్దయక్షరములతో నుండెను. తయారించినవాని పేరుగాని, చిరునామాగాని, నమోదుసంఖ్యగాని, హామీగాని లేదు. ఎవరిమీద దావా వేయుదుము? చట్టము తెలిసిన మేమే రసీదు లేకుండ కొంటిమి. ఆ దినమున మా గుమాస్తా మావంక చూచిన చూపు మాకు నేటికిని జ్ఞాపకము.

దోషము ఎల్.ఇ.డి.ది కాదని తరువాత తెలిసికొంటిమి. చెడిన ట్యూబును విప్పించి చూడగా దీపకణములు చాలవఱకు బాగుగనే యున్నవి. చెడినది డ్రైవరు అను చిన్నపలక. గోడనుండి వచ్చు 230 వోల్టుల ఒడుదొడుకుల విద్యుత్తును కణములకు తగినట్లు సాధుచేసి అందించునది అదియే. అందు కెపాసిటరను చిన్నడబ్బీ యొకటి యుండును; వేడికి అది ఎండిపోవును. మన యెండకాలపు గదిలో, గాలియాడని ప్లాస్టికు గొట్టములో, చవుకరకపు కెపాసిటరు ఎన్నాళ్ళు నిలుచును? మంచి తయారీలో కణముల వెనుక వేడిని లాగుకొను అల్యూమినియము పట్టీ యుండును, డ్రైవరు గట్టిదై యుండును. తేలికరకములో ఈ రెంటను పొదుపుచేసి మనకు చవుకగా నిత్తురు. 25,000 గంటల ఆయువను మాటకును అర్థము తెలిసికొనవలయును. దినమునకు 6 గంటల చొప్పున అది 11 ఏండ్లు. అయితే అన్నియేండ్లు ఒక్కతీరున వెలుగునని కాదు. అన్ని గంటలకు వెలుగు మొదటిదానిలో 70 శాతమునకు తగ్గునని శాస్త్రజ్ఞుల లెక్క. అదియును కణములను గూర్చిన లెక్క. డ్రైవరు ముందుగానే కన్నుమూయవచ్చును. కావున గంటల యంకె చూచి కొనరాదు. హామీ యెన్ని సంవత్సరములో చూచి కొనవలయును. రెండేండ్ల హామీ వ్రాసియిచ్చువాని సరకు, ఏమియు వ్రాయనివాని 50,000 గంటలకంటె నమ్మదగినది. రసీదును కరెంటు బిల్లులతోపాటు దాచుకొనుడు. పెట్టెమీద భారతీయ ప్రమాణముల సంస్థ చిహ్నమును, దానితో "ఆర్" అను అక్షరముతో మొదలగు నమోదుసంఖ్యయు ఉన్నవో లేవో అంగడిలోనే చూడుడు.

పల్లెలలోను, పట్టణపు చివరిపేటలలోను సాయంకాలము వోల్టేజి పడిపోవుట అందఱెఱిగినదే. పాత ట్యూబు అట్టివేళ ఎంతసేపైనను మినుకుమినుకుమనుచు వెలుగదు. మంచి ఎల్.ఇ.డి. ట్యూబు 140 వోల్టులకును వెలుగు తగ్గక నిలుచును. కాని ఉఱుములు మెఱుపులు వచ్చినప్పుడు తీగలవెంట వచ్చు పోటును పాతచోక్ ఓర్చుకొన్నట్లు ఈ చిన్నపలక ఓర్చుకొనలేదు. ఆ పోటును తట్టుకొను శక్తి యెంతయో కొందఱు తయారీదారులు పెట్టెమీద వ్రాయుచున్నారు. పిడుగులకాలమున స్విచ్చి తీసియుంచుట మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి బిగించుట. ఇందు ప్రాణాపాయము కలదు గనుక కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము. అంగడిలో మూడువిధములైన సరకు దొరకును. మొదటిది పట్టీతో కూడ వచ్చునది, బ్యాటన్ అందురు. పాతదానినంతయు, చోక్ స్టార్టరులతో సహా, తీసివైచి, దీనిని గోడకు బిగించి రెండుతీగలు కలిపిన చాలును. రెండవది పాతపట్టీలోనే, చోక్ నుంచియే, స్టార్టరునకు బదులు వారిచ్చిన బిళ్ళను పెట్టి అమర్చునది. సులభమే, కాని చోక్‌లో పోవు నష్టము పూర్తిగా తొలగదు. పైగా ఏనాడో చోక్ కాలినచో మరల పనివాని పిలువవలయును. మూడవది పాతపట్టీలో చోక్‌ను తప్పించి, తీగలను మార్చి, నేరుగా కరెంటునిచ్చి వెలిగించునది. ఇందు కొన్నిటికి ఒకకొననే రెండుతీగలు, కొన్నిటికి చెఱియొక కొనకు నొక్కొక్కతీగ. ఏది యేదో చూడక బిగించిన పనివాని మూలమున మా యెఱుకలోనే ఒకయింట ఫ్యూజు పేలినది. రెండుకొనల కరెంటుగల ట్యూబును స్విచ్చి తీయకుండ ఒకకొన దూర్చి, రెండవకొనను చేతితో పట్టుకొన్నవానికి ఆ రెండవకొన పుల్లలలోనే షాకు తగులు ప్రమాదము కలదు. పాతట్యూబును కుర్చీయెక్కి మార్చిన యలవాటుతో ఇంటివారే దీనికి పూనుకొనరాదు. మా సలహా యేమనగా, పెట్టుబడి ముప్పది నలుబది రూపాయలు పెరిగినను మొదటివిధమగు బ్యాటన్‌నే కొనవలయును. మెయిను తీసి, తెలిసిన పనివానిచే బిగింపవలయును.

పనివాని ప్రస్తావన వచ్చినది గనుక, అతని పక్షమునను ఒకమాట. పాత ట్యూబులైటులో గొట్టము, చోక్, స్టార్టరు వేఱువేఱు. చెడినది మార్చుకొని మిగిలినది వాడుకొందుము. స్టార్టరు పోయినచో పది పదునైదు రూపాయలు. పేటకొక్క మరమ్మతుల అంగడి ఆ స్టార్టరులు, చోక్‌లమీద బ్రదికినది. క్రొత్తదానిలో పావలా విలువగల కెపాసిటరు చెడినను మొత్తము గొట్టమును చెత్తబుట్టలో వేయుట యలవాటైపోవుచున్నది. ఇది మాకు నచ్చలేదు. పెద్దపట్టణములలో డ్రైవరుపలకలు విడిగా దొరకుచున్నవి. తెలిసిన పనివారు పాతపలకను తీసి క్రొత్తదానిని అతికి ట్యూబును మరల వెలిగించుచున్నారు. హామీ గడువు తీఱిన ట్యూబును పాఱవేయుటకు ముందు అట్టివానియొద్దకు తీసికొనిపోవుడు. ఇనుపపెట్టెలో సోల్డరింగు కాడతో కూర్చుండియున్న ఆ పిల్లవాడు ఇంజినీరింగు కళాశాలలో చదువకపోవచ్చును. మన ట్యూబునకు ఇంకొక మూడేండ్ల యాయువు మాత్రము పోయగలడు.

కన్నుల విషయము తల్లిదండ్రులు తఱచుగా నడుగుచున్నారు. పెట్టెమీద 6500 అని యుండునది నీలిచాయగల తెలుపు, 3000 అనునది పాతబల్బువలె పసుపుచాయ, 4000 నడిమిది. మన అంగళ్ళలో అడుగకున్నచో 6500 చేతికిత్తురు. వంటగదికిని, పగటిపనికిని అది బాగుగనే యుండును. రాత్రి పరుండుముందు నీలిచాయ వెలుగు నిద్రను వెనుకకు నెట్టునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది గనుక పడకగదికి 3000ది అడిగి తీసికొనవలయును. వడకుట ఇంకొక దోషము. చవుకరకపు డ్రైవరుగల దీపము క్షణమునకు వందమాఱులు ఆరి వెలుగుచుండును. కంటికి తెలియదు, కాని చాలసేపు చదువువారికి తలనొప్పి తెచ్చును. పరీక్ష సులభము. చేతిఫోను కెమేరాను దీపమునకు దగ్గఱగా పట్టి చూచినచో, తెరమీద నల్లనిచాఱలు కదలుచు గట్టిగా కనబడినయెడల ఆ దీపము పిల్లల బల్లకు తగదు. ఈ పరీక్ష అంగడిలోనే చేయుడు. అంగడివాడు మొగము చిట్లించినను చేయుడు.

స్వదేశి మాట విడిచిపెట్టుట మా కలముయొక్క స్వభావము కాదు. పెట్టెమీద మనదేశపు పేరే యున్నను, లోపలి దీపకణములు చాలవఱకు విదేశములనుండి వచ్చినవే. దిగుమతిచేసిన ముక్కల నిచ్చట అతికించుటయే తయారీ యనిపించుకొనుచున్నది. 2021 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము శీతలయంత్రములకును ఎల్.ఇ.డి. దీపములకును కలిపి 6,238 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును మంజూరుచేసినది. దేశమున చేకూరు విలువ 15, 20 శాతమునుండి 75, 80 శాతమునకు పెరుగవలయునని దాని లక్ష్యము. కొనువారమగు మనము "ఇందు ఏది ఇచ్చట చేసినది?" అని అడుగుచుండినగాని ఆ లక్ష్యము కాగితముమీదనుండి కదలదు.

పాతదానినే యంటిపెట్టుకొందుమను పెద్దలకు ఒక సమాచారము. పాదరసమును గూర్చిన మినమాటా ఒడంబడికలో మన దేశము 2018లో చేరినది. 2023లో జెనీవాలో కూడిన ఆ ఒడంబడిక దేశములు, మామూలు వెలుగునకు వాడు పాదరసపు ట్యూబుల తయారీని, ఎగుమతి దిగుమతులను 2026, 2027 సంవత్సరముల తుదికి మాన్పింపవలయునని నిర్ణయించినవి. గోడమీదనున్నదానిని ఎవ్వరును వచ్చి పెఱుకరు. కాని అది పోయినపిమ్మట దాని జత దొరకుట నానాటికి కష్టమగును. క్రొత్తయిల్లు కట్టుకొనుచు ఇంకను చోక్‌పట్టీలు కొనువాడు ఈ సంగతి తెలియకయే కొనుచున్నాడు.

ఇంకొక బెంగ మాకు కలదు. మా మిత్రుని క్రొత్తయింట పూర్వము మూడు ట్యూబులు వెలుగుచోట నేడు కప్పుచుట్టును అద్దకపు పట్టీలు, మెట్లక్రింద మిణుగురులు, దేవుని గూటికి నాలుగు రంగులు, మొత్తము ముప్పదికి పైగా దీపములు! "ఎల్.ఇ.డి.యే కదండీ, ఎంత కాలుతుంది" అని యాతని సమాధానము. బొగ్గును పొదుపుగా వాడు యంత్రములు వచ్చినకొలది బొగ్గు వాడకము పెరిగినదని ఇంగ్లండున జెవన్సు 1865లోనే వ్రాసెను. ఆ మిత్రుని బిల్లు తగ్గలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

పాత ట్యూబులను తీసినపిమ్మట ఏమిచేయవలయును? వీథికుప్పలో విసరివైచి, పగిలిన చప్పుడు విని సంతోషించు బాలురను మనమందఱము చూచితిమి. బాల్యమున ఆ పని చేసియు నుందుము. ఒక్కొక్క గొట్టములో కొన్ని మిల్లీగ్రాముల పాదరస ముండును. ఒక్కటి పగిలినంతమాత్రమున కొంప మునుగదు. కాని ఊరిలోని గొట్టములన్నియు ఒకే కుప్పలో పగిలినచో, ఆ కుప్పను ఏఱుకొని బ్రదుకు స్త్రీలును పిల్లలును ఆ యావిరిని పీల్తురు. చట్టము వీనిని ఎలక్ట్రానిక్ వ్యర్థములలో చేర్చి, వేఱుగ సేకరింపవలయునని విధించినది. పురపాలకసంఘపు బండి వచ్చినప్పుడు పాతకాగితము చుట్టి, పగులకుండ, తడిచెత్తతో కలుపక, వేఱుగా అందింపవలయును. ఇంట పొరబాటున పగిలినచో తలుపులు తెఱచి, పిల్లలను ఆవలికి పంపి, చీపురుతో చిమ్మక, తడికాగితముతో ఎత్తి, మూతగల సీసాలో వేయవలయును.

మేము సేవచేయుచున్న పఠనమందిరమున ఎనిమిది పాతట్యూబులు కలవు. బిల్లు పెరిగినదని కార్యవర్గమువారు పోయిన నెల రాత్రి తొమ్మిదింటికి బదులు ఎనిమిదింటికే తలుపులు మూయుదమనిరి. ఉద్యోగపరీక్షలకు చదువుకొను పిల్లలు, ఇంట చోటులేనివారు, ఆ గంటకొఱకే వచ్చుచున్నారు. ఎనిమిదింటిని మార్చినచో దినమునకు 5 గంటల చొప్పున నెలకు సుమారు 40 యూనిట్లు మిగులునని మేము లెక్కవేసి చూపితిమి. రెండువేల రూపాయల చందా ప్రోగైనది. వచ్చు ఆదివారము ఉదయము బిగింపనున్నారు. తొమ్మిదిగంటల నియమము మారదు. దించిన పాతట్యూబులను మోసికొనిపోవుటకు ఇద్దఱు యువకులు కావలయును. రాగలవారు ఎనిమిదింటికి వచ్చి కార్యదర్శిని కలిసికొన ప్రార్థన.